మంత్రిగారి నోట గువ్వ మాట

గురువారం, మధ్యాహ్నం

అక్కకి,

చెల్లెలు రాస్తున్నది. ఇక్కడ మేమందరం క్షేమం. గదిలో ఉన్నది నేనొక్కదాన్నే కాబట్టి ఆ 'అందరం' నేనే. అక్కడ నువ్వు, బావగారు, పిల్లలిద్దరూ, నీ కుడి మోకాలు ఎలా ఉన్నారో వివరంగా రాయి. మోకాలి సంగతి పోయిన ఉత్తరంలో దాటేశావు. నేను గమనించలేదనుకోకు.

ముందుగా ఒక మాట. నా ఉత్తరాలు నువ్వు భోజనాల దగ్గర అందరికీ పైకి చదివి వినిపిస్తావని నాకు తెలుసు. నా వేళాకోళాలకి బావగారు నవ్వరని కూడా తెలుసు. ఈ ఉత్తరం మాత్రం మొదట నువ్వొక్కదానివే చదువు. ఆ తర్వాత ఎవరికి వినిపించాలో, అసలు వినిపించాలో వద్దో నీ ఇష్టం.

ఇక నీ ప్రశ్నలు. ఫోను ఎందుకు మోగడం లేదన్నావు. నా ఫోను మా కంపెనీ లాయరుగారి బీరువాలో ఉంది. "విచారణ పూర్తయ్యేవరకూ" అని నా చేత కాగితం మీద సంతకం పెట్టించుకుని మరీ పట్టుకెళ్ళాడు. వారం పైన అయింది. నిజం చెప్పాలంటే చెవులకి సెలవు దొరికినట్టుంది. తింటున్నావా అన్నావు. తింటున్నాను. ఈ హోటల్లో పొద్దున్నే ఇచ్చే బ్రెడ్డు అట్టముక్కలా ఉంటుంది కానీ టీ బాగుంటుంది, పడుకున్నవాళ్ళని లేపి కూర్చోబెడుతుంది. నీలాగే రెండో కప్పు కూడా అడిగి తాగుతున్నాను.

మీ ఫ్యాక్టరీ కాలర్ల లైనులో నలభై మందికీ మా పాటలావిడ గువ్వ సంతకం పెట్టిన ఫొటోలు కావాలన్నావు. కొంచెం ఆగు. కింద చదివాక నీకే తెలుస్తుంది, ప్రస్తుతం ఆవిడ దగ్గరికి వెళ్ళి ఏదైనా అడిగే మొహం నాకు లేదని.

"పాటలు పాడుకునే మనిషికి రాజకీయాలెందుకట" అని బావగారు అన్నారని రాశావు. బావగారికి చెప్పు, ఆయన ఒంటరి కాదని. ఈ తొమ్మిది రోజుల్లో ఆ మాట అననివాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. పెద్ద సినిమా హీరో ఒకాయన కళాకారుడికి మౌనమే అందం అంటూ గంటన్నర మాట్లాడాడు. ముప్ఫై ఏళ్ళ కిందట గువ్వంత పేరున్న పాటగత్తె ఒకావిడ టీవీలో కూర్చుని, "మేము ఏనాడైనా నోరు విప్పామా?" అని గొప్పగా అడిగింది. విప్పలేదన్న సంగతి నిజమే. ఒక చానల్లో మొహం చూసి మనసు చెప్పే నిపుణుడట, గువ్వ వీపు చూసి మనసు చెప్పాడు. వీపు తిప్పి నిలబడడంలోనే కుట్ర ఉందన్నాడు. ఆవిడ బొమ్మ ఉన్న చెప్పుల్ని కొందరు రోడ్డు మీద తగలబెట్టారు. ఆ కంపు కచేరీలకి మేం ఊరూరూ తిరిగే బస్సులోకి కూడా వచ్చింది. ఇంకో వైపు వాళ్ళు ఆమె మొహం అచ్చేసిన చొక్కాలు తొడుక్కుని తిరుగుతున్నారు. ఆ చొక్కాలు ఎవరు కుట్టారో, ఎన్ని గంటలు కుట్టారో ఎవరూ అడగలేదు. ఒక పత్రిక 'మంత్రిగారి నోట గువ్వ మాట' అని శీర్షిక పెట్టింది. ఇన్నింటిలోనూ నాకు నచ్చింది అదొక్కటే, ఎందుకంటే జరిగింది అక్షరాలా అదే.

నువ్వు టీవీలో చూసిన ముక్క అందరూ చూసిందే. బట్టల పరిశ్రమవాళ్ళ పెద్ద ప్రదర్శన, ప్రారంభానికి గువ్వ పాటలు. హాల్లో ఇరవై వేల మంది. బట్టల ఫ్యాక్టరీల్లో ఎనిమిది గంటల పనిని పది గంటలు చేస్తూ తేబోతున్న చట్టం గురించి కార్మిక మంత్రిగారు మొదట ఒకసారి మాట్లాడారు. మన ఆడవాళ్ళు పది గంటలైనా నవ్వుతూ పనిచేస్తారన్నారు. నాలుగు పాటలయ్యాక ఆయన్ని మళ్ళీ వేదిక పక్కన మైకు దగ్గరికి పిలిచారు, రెండు ముక్కలు చెప్పి దీవించి వెళ్ళమని. ఆయన నోరు తెరిచారు. స్పీకర్లలోంచి గువ్వ గొంతు వచ్చింది.

"వచ్చాడమ్మా మళ్ళీ. పది గంటలు నవ్వుతూ చేస్తారట! ఈయన్ని ఒక్క పూట కూర్చోమను కుట్టుమిషను ముందు, లేవకుండా. మా అమ్మ ఇరవై రెండేళ్ళు కూర్చుంది. ఇంటికొచ్చి చెంచా పట్టుకుంటే చెయ్యి వణికేది. ఇప్పుడు బాత్రూముకి పోవాలన్నా కార్డట! నలభై మంది ఆడాళ్ళకి ఒక్క కార్డు. సూపర్వైజరు దగ్గర టైము రాయించుకుని, మెళ్ళో వేసుకుని పోవాలి. ఒకావిడకి కార్డు అందక మిషను దగ్గరే తడిసిపోయిందట. లేస్తే అందరూ చూస్తారని సాయంత్రం దాకా ఆ తడి బట్టల్లోనే కుట్టిందట. ఆవిడ కుట్టిన కాలరే ఈయన మెడకి ఉందేమో, ఎవరికి తెలుసు? నాకు ఇంక పాడబుద్ధి కావట్లేదు బాబూ. నీళ్ళియ్యి."

నలభై ఒక్క సెకన్లు. ఆ సేపంతా మంత్రిగారు అక్కడ పెదాలు కదుపుతూనే ఉన్నారు, స్పీకర్లన్నీ జనం వైపే కాబట్టి తన మాటే వినిపిస్తోందనుకుని చెయ్యి కూడా ఊపారు. గువ్వ జనానికి వీపు తిప్పి, డ్రమ్ములవాడి వైపు తిరిగి నిలబడి ఉంది. ఆ తర్వాత లేచిన అరుపులకి హాలు కప్పు ఊగింది.

అక్కడి నుంచి జరిగింది నీకు నాకంటే బాగా తెలుసు. అన్ని ఫ్యాక్టరీలకీ వచ్చినట్టే మీ గేటు దగ్గరికీ కెమెరాలు వచ్చాయి. మర్నాటికి కార్డు మాయమైంది. చట్టం మీద ఓటింగు వాయిదా పడింది. కార్డు లేకుండా మొదటిసారి లేచి వెళ్ళినప్పుడు కాళ్ళు తడబడ్డాయని రాశావు చూడు, ఆ వాక్యం దగ్గర నేను ఆగిపోయాను.

"గువ్వ నిజంగా అంత ధైర్యం ఉన్న మనిషేనా? ఇప్పుడు మాట మారుస్తుందంటున్నారు, నిజమేనా?" అని అడిగావు. చివర్లో, వేరే సిరాతో, "ఆ సంగతులు నువ్వు చెప్పలేదు కదా?" అని కూడా అడిగావు. సిరా మారిందంటే మధ్యలో ఒక రోజో రెండు రోజులో ఆలోచించావన్నమాట. ఈ రెండింటికీ జవాబు చెప్పాలంటే నా పని గురించి కొంచెం చెప్పాలి. "అక్కడ మీటలు తిప్పుతుంది" అని పిల్లలకి చెబుతావు కదా, ఇన్నాళ్ళూ అంతకన్నా నేనూ చెప్పలేదు.

వేదిక మీద గువ్వ కాలి దగ్గర చిన్న స్విచ్చి ఒకటి ఉంటుంది. దాన్ని తొక్కి మాట్లాడితే ఆ మాట జనానికి పోదు. మీటల బల్ల దగ్గర కూర్చున్న నాకూ, వాయించేవాళ్ళకూ చెవుల్లో వినిపిస్తుంది. మేము దాన్ని లోపలి మైకు అంటాం. "గొంతు పట్టేసింది, తర్వాతి పాట శ్రుతి తగ్గించండి", "ముందు వరసలో ఆ లావుపాటాయన నిద్రపోతున్నాడు చూడండి" వగైరా అందులోనే వస్తాయి. ఒక్కోసారి బూతులు కూడా. మా పనిలో ఎవరూ రాసిపెట్టని కట్టుబాటు ఒకటుంది. లోపలి మైకులో విన్నదాన్ని బయట ఎక్కడా, ఎవరి దగ్గరా ఎత్తకూడదు. తొమ్మిదేళ్ళుగా గువ్వ నోట నేను విన్నవాటిలో ఒక్క మాట నీకైనా రాశానా? అందుకే ఆవిడ నన్ను 'చెవులమ్మా' అని పిలుస్తుంది.

ఆ లోపలి మాట నా బల్ల మీద పద్నాలుగో మీటకి వస్తుంది. దాన్ని ఎప్పుడూ కిందకే ఉంచాలి, పైకి తోస్తే హాలంతా వినిపిస్తుంది. అందుకే దాని పక్క మీటని ఏ పనికీ వాడకుండా ఖాళీగా వదిలేయడం నా పద్ధతి. ఆ రోజు మంత్రిగారి మైకు ఆఖరి నిమిషంలో తెచ్చి తగిలించమన్నారు. ఖాళీగా ఉన్నది ఆ పదిహేనోదే. తగిలించాను. ఆయన్ని పిలిచినప్పుడు నా కళ్ళు వేదిక మీద ఉన్నాయి, వేలు బల్ల మీద ఉంది. పదిహేను తోయబోయి పద్నాలుగు తోశాను.

కాబట్టి అక్కా, గువ్వ ఆ రోజు ఎవరి ముందూ మాట్లాడలేదు. విసుగొచ్చి తనలో తను గొణుక్కుంది. చెవుల్లో నేను పంపింది తప్ప బయటి శబ్దం ఆవిడకి చేరదు కాబట్టి, తన గొంతు హాలంతా మోగుతోందని కూడా తెలియదు. జనం లేచి నిలబడడం చూశాకే తెలిసింది. మీరంతా ఆవిడ బొమ్మతో పాటు అద్దాల మీద అంటించుకున్న ఆ ధైర్యం నా వేలు జారడంతో పుట్టింది.

నిజానికి ఇది కూడా సగమే. మిగతా సగం రాయడానికి ఇందాకట్నుంచి కలం మూత పెట్టి తీస్తున్నాను. అంతకుముందు నిన్న జరిగింది చెబుతాను.

గువ్వ మేనేజరు, ఆ లాయరు ఇద్దరూ నిన్న పొద్దున నా గదికి వచ్చారు. మేనేజరు మంచివాడే కానీ గువ్వకి జలుబు చేస్తే తనకి జ్వరం తెచ్చుకునే రకం. తొమ్మిది రోజుల్లో మనిషి సగమయ్యాడు. చెప్పుల కంపెనీవాళ్ళు గడువు పెట్టారట, గురువారం పదింటికల్లా విలేకరుల ముందు సంజాయిషీ చెప్పకపోతే ఒప్పందం రద్దని. వరసగా మూడు ఊళ్ళలో కచేరీకి హాళ్ళు ఇవ్వబోమన్నారట. లాయరు సంచిలోంచి ఒక కాగితం తీశాడు.

"ఆ మాటలు గువ్వగారివి కావు. ఏదో నాటకం రిహార్సల్లో రికార్డు చేసిన టేపు. పొరపాటున అది మోగింది. అంతే. మీరు సంతకం పెడితే చాలు" అన్నాడు.

"నాటకమా? ఏ నాటకం?" అన్నాను.

"అది మేం రాయించుకుంటాంలెండి."

మేనేజరు నా పక్కన కూర్చున్నాడు. "చూడు చెవులమ్మా, తప్పు నీదే కదా. నువ్వే ఒప్పుకున్నావు, వేలు జారిందని. ఆరు నెలలు ఎవరికీ కనబడకు. తర్వాత నేనే పిలుస్తాను. లేకపోతే ఆ అమ్మాయి పదకొండేళ్ళ కష్టం గంగపాలవుతుంది" అన్నాడు.

ఆయన చెప్పిందాంట్లో అన్యాయం ఏమీ లేదు. నా వల్ల ఒక మనిషి బతుకు రోడ్డున పడబోతోంది. ఒక్క సంతకంతో ఆగిపోతుంది. కానీ ఆ సంతకం పెడితే నలభై మందికి ఒక్క కార్డు అన్నది నాటకంలో ముక్క అయిపోతుంది. మీ ఫ్యాక్టరీ సూపరింటెండెంటు ఆ మధ్యాహ్నమే కార్డుని మళ్ళీ మేకుకి తగిలిస్తాడు. అటు గువ్వ, ఇటు మీరు. కాగితం పట్టుకుని, "సాయంత్రం చెబుతాను" అన్నాను.

ఇప్పుడు ఆ సగం.

పద్నాలుగో మీట తోశానని నాకు మూడు సెకన్లలోనే తెలిసిపోయింది. తెలియకుండా ఎలా ఉంటుంది? ఇరవై ఏళ్ళుగా ఇదే పని. 'వచ్చాడమ్మా మళ్ళీ' అన్న మాట స్పీకర్లలో వినగానే వేలు మళ్ళీ మీట మీదకి వెళ్ళింది. ఒక్క అంగుళం కిందకి లాగితే అయిపోయేది. లాగలేదు. ఆవిడ వాళ్ళమ్మ గురించి చెబుతుంటే లాగలేదు. కార్డు గురించి చెబుతుంటే లాగలేదు. మిగిలిన ముప్ఫై ఎనిమిది సెకన్లూ నేను తెలిసి చేసింది. మేనేజరు పరిగెత్తుకొచ్చి "దించలేదేం?" అని అరిస్తే, "గాభరాలో ఏది తోశానో తెలియలేదు" అన్నాను. లాయరుకీ అదే చెప్పాను. తొమ్మిది రోజులు అందరికీ అదే చెప్పాను.

కార్డు సంగతి గువ్వకి ఎలా తెలుసు అనుకుంటున్నావా? నేనే చెప్పాను. మూడు నెలల కిందట నీ ఉత్తరం వచ్చిన రోజు బస్సులో నా మొహం చూసి ఏమైందని అడిగింది. వాళ్ళమ్మ కూడా కుట్టుపనిలోనే నలిగిన మనిషి కదా అని మొత్తం చెప్పేశాను. నీ పేరు చెప్పలేదు, "ఒకావిడ" అన్నాను. నువ్వు ఆ ఉత్తరంలో ఏం రాశావో నాకు కంఠతా వచ్చు. బావగారికి కూడా చెప్పలేదని, ఎవరికో ఒకరికి చెప్పుకోకపోతే ఊపిరాడదని రాశావు. నన్ను నమ్మి రాశావు. నేను నీ మాటని ఒకావిడ చెవిలో వేశాను, తర్వాత ఆవిడ మాటని ఇరవై వేల మంది చెవుల్లో వేశాను. ఇద్దర్లో ఎవర్నీ అడగలేదు.

అక్కా, నన్ను తిట్టు. నీకు ఆ హక్కుంది. ఆ వేలు ఎందుకు లాగలేదని నన్ను నేను చాలాసార్లు అడిగాను. నువ్వు తడి బట్టల్తో కూర్చుని కుట్టిన మధ్యాహ్నం గురించి ఆ మంత్రి వినాలనిపించింది. అంతకంటే పెద్ద ఆలోచనేదీ నాకు లేదు. మళ్ళీ అదే క్షణం వస్తే ఏం చేస్తానో తెలియదు కానీ, అడక్కుండా చేయడం తప్పని మాత్రం ఇప్పుడు తెలుసు. దాన్ని నాకు నేర్పింది గువ్వే.

సాయంత్రం కాగితం పట్టుకుని ఆవిడ దగ్గరికి వెళ్ళాను. రిహార్సల్ హాలు పక్కగదిలో కూర్చుని తన కోటు చెయ్యి అంచు తనే కుట్టుకుంటోంది. కుట్లు వాళ్ళమ్మ దగ్గర నేర్చుకున్నది, ఆ పని ఇంకొకళ్ళకి ఇవ్వదు.

"సంతకం పెట్టేశావా?" అంది తలెత్తకుండా.

"లేదండీ. ముందు మీకో విషయం చెప్పాలి."

"చెప్పు."

"మొదటి మూడు సెకన్లే పొరపాటు. తర్వాతది కాదు. తెలిసే దించలేదు."

సూది ఆగింది. "ఏంటీ?"

మొత్తం చెప్పాను, నీళ్ళు నమలకుండా. ఆ ఒకావిడ మా అక్కే అని కూడా చెప్పాను. నేను చెప్పినంతసేపూ నా మొహంలోకే చూస్తూ ఉంది.

"నన్నడిగావా?" అంది.

"లేదు."

"మీ అక్కనడిగావా?"

"లేదు."

కోటు పక్కన పడేసింది. "పదకొండేళ్ళు! నేనేం కట్టుకోవాలో ఒకడు చెబుతాడు, ఎక్కడ నవ్వాలో ఒకడు చెబుతాడు. ఏం మాట్లాడకూడదో నా కాంట్రాక్టులో నాలుగు పేజీలు రాశారు. నా నోటికొచ్చింది నేను మాట్లాడుకునే చోటు ఈ ప్రపంచంలో ఒక్కటే ఉంది, నీ చెవి. దాన్ని కూడా తీసుకెళ్ళి బజార్లో పెట్టావు కదే!"

తొమ్మిదేళ్ళలో ఆవిడ నన్ను 'కదే' అని ఎప్పుడూ అనలేదు. నాకు ఏడుపొచ్చింది. ఏడ్చాను. ఆవిడ ఆపమనలేదు.

"అందరూ ధైర్యం ధైర్యం అంటుంటే నాకు ఒళ్ళు కంపరమెత్తుతోంది తెలుసా? ఎవరికీ వినిపించకుండా గొణుక్కున్నదాన్ని. నాకు ధైర్యం ఉందో లేదో నాకే తెలియదు. తెలుసుకునే అవకాశం కూడా నువ్వు ఇవ్వలేదు" అంది. చెయ్యి చాపి కాగితం అందుకుంది. చదివి పెద్దగా నవ్వింది. "నాటకం టేపట! నా గొంతు నాది కాదని నేను ఒప్పుకోవాలా? గొంతు తప్ప నా దగ్గర ఏముంది? నువ్వు దీని మీద సంతకం పెట్టకు. రేపు పదింటికి నేను చూసుకుంటాను."

"సరేనండీ" అన్నాను.

"ఒకటి విను. నిన్ను ఇంక నా దగ్గర ఉంచుకోను. కోపంతో అనట్లేదు. కాలు స్విచ్చి మీద పెట్టిన ప్రతిసారీ నువ్వు గుర్తొస్తే నేను నోరు తెరవలేను."

అది న్యాయమే అనిపించింది. అప్పుడూ అనిపించింది, ఇప్పుడూ అనిపిస్తోంది.

ఇవాళ పొద్దున పదింటికి జరిగింది, ఈ ఉత్తరం నీకు చేరేలోపు ఎలాగూ టీవీలో చూసి ఉంటావు. నేను గోడకి ఆనుకుని విలేకరుల వెనక నిలబడ్డాను. మైకు పెట్టింది వేరే అతను. కాస్త ఎత్తుగా పెట్టాడు, నా చేతులు దురద పెట్టాయి కానీ కదల్లేదు. సంజాయిషీ కోసం అందరూ పెన్నులు తెరిచి కూర్చున్నారు.

గువ్వ వచ్చి మైకు తనే కిందకి దించుకుంది. "ఆ మాటలు నావే. ఆ రోజు అటు తిరిగి అన్నాను. ఎవరికీ వినిపించదనుకుని అన్నాను, కాబట్టి నన్ను మెచ్చుకున్నవాళ్ళు ఆ మెచ్చుకోలు వెనక్కి తీసేసుకోవచ్చు. ఇప్పుడు ఇటు తిరిగి అంటున్నాను" అంది. మళ్ళీ మొదటినుంచీ చెప్పింది. పది గంటలు, కుట్టుమిషను, వాళ్ళమ్మ చెయ్యి, చెంచా, కార్డు. మధ్యలో ఒకసారి ఆగి, మంచినీళ్ళు తాగి, మళ్ళీ చెప్పింది. తడిసిన ఆవిడ గురించి మాత్రం ఈసారి చెప్పలేదు.

వెంటనే ఒక విలేకరి లేచాడు. "ఆ ఒకావిడ ఎవరండీ? నిజంగా ఉందా, కల్పితమా?"

"ఉంది. ఆవిడ్ని అడక్కుండా ఆవిడ సంగతి చెప్పడం తప్పు. ఇవాళ నన్ను క్షమాపణ చెప్పమన్నారు కదా, చెబుతున్నాను. ఆవిడకి. మంత్రిగారికి కాదు" అంది, లేచి వెళ్ళిపోయింది.

గుమ్మం దాటుతూ నా వైపు ఒకసారి చూసింది. నవ్వలేదు. తల ఊపింది. నాకు అది చాలు. చెప్పుల కంపెనీ పన్నెండు కొట్టకముందే ఒప్పందం తెంచేసుకుంది. మేనేజరు కూలబడి మళ్ళీ లేచాడు, అప్పుడే రెండు ఊళ్ళ నుంచి హాళ్ళు ఇస్తామని ఫోన్లు వచ్చాయట. గువ్వ గురించి నువ్వు బెంగపెట్టుకోకు. ఆవిడ ధైర్యవంతురాలా అని అడిగావు కదా, ఇవాళ పొద్దున పదీ పది నుంచి అవును. నా గురించి అసలే బెంగపెట్టుకోకు. పిల్లల నాటకాల హాలు ఒకదానికి మనిషి కావాలట, సోమవారం వెళ్ళి కనపడతాను. అక్కడ లోపలి మైకు లేదట, మంచిదే.

ఇక మిగిలింది బొత్తాల పిన్ని. మీ లైనులో వెనక బల్ల మీద బొత్తాలు కుట్టే ఆ పెద్దావిడ్ని సూపరింటెండెంటు నాలుగు రోజులుగా పని ఇవ్వకుండా ఆఫీసు బయట బెంచీ మీద కూర్చోబెడుతున్నాడని రాశావు. ఆ ఒకావిడ తనేననీ, బయట చెప్పింది కూడా తనేననీ ఆవిడ ఎందుకు ఒప్పుకుందో అర్థం కావడం లేదన్నావు. అక్కా, ఆవిడ కూర్చునేది నీ వెనక బల్ల మీద. ఆ రోజు నీ కుర్చీ కింద ఏముందో చూసి ఉంటుంది. మూడు నెలలు నీకు కూడా తెలియనివ్వలేదు. పైగా మీ లైనులో నలభై మందికీ నీ చెల్లెలు గువ్వ దగ్గర పనిచేస్తుందని తెలుసు. సూపరింటెండెంటు ఒక్కొక్కళ్ళనీ పిలిచి అడిగినా ఒక్కళ్ళు నోరు మెదపలేదు. వాళ్ళకి ఫొటోలు కావాలన్నావు కానీ, నాకు వాళ్ళ ఫొటోలు కావాలనిపిస్తోంది.

ఈ కవరులో ఇంకో కాగితం ఉంది. మీ సూపరింటెండెంటుగారికి రాశాను. కార్డు సంగతి, తడిసిన సంగతి గువ్వకి చెప్పింది నేనేననీ, ఆ పెద్దావిడకి నాతో ఏ సంబంధమూ లేదనీ, ఆవిడ్ని ఎప్పుడూ చూడలేదనీ, వెంటనే పనిలోకి తీసుకోవాలనీ రాసి, కింద నా పూర్తి పేరు, అడ్రసు పెట్టాను. ఆ కాగితంలో 'ఈ విషయం నాకు తెలియజేసినవారు' అన్న తర్వాత ఒక పేరు పట్టేంత ఖాళీ ఉంది. ఆ వాక్యం మొత్తం కొట్టేసి పోస్టులో వేసినా ఉత్తరం చెల్లుతుంది, పిన్ని బెంచీ మీద నుంచి లేస్తుంది. నువ్వు కొట్టేస్తే నేను ఈ జన్మలో ఎవరి దగ్గరా నోరెత్తను. గువ్వ కూడా ఎత్తదు. అసలు కాగితమే ఇవ్వడం ఇష్టం లేకపోతే చింపేసి, పిన్ని సంగతి ఇంకెలా చూద్దామో నాకు రాయి.

ఆ ఖాళీలో నువ్వేం రాస్తావో నాకు తెలుసు. చిన్నప్పటి నుంచీ నిన్ను చూస్తున్నాను, బహుశా నీకంటే ముందే తెలుసు. కానీ రాయలేదు. అడుగుతున్నాను.

ఇట్లు,
చేసింది చేసేసి, ఇప్పుడు నీ జవాబు కోసం కూర్చున్న
నీ చెల్లెలు